కొత్వాలీకి చేరిన రాజకీయం: హైదరాబాద్ పాతబస్తీ

కొలువులు ఎవరికి దక్కాలి, సభ ఎక్కడ జరుపుకోవాలి, పత్రికలో ఏం రాయాలి, ఊరేగింపు ఏ వీధి వెంట సాగాలి అన్నవి రాజకీయ ప్రశ్నలు. వాటి మీద వాదించుకోవచ్చు, బేరమాడవచ్చు, ఓట్లేసి తేల్చుకోవచ్చు. వాటినే రాజ్యానికి ముప్పుగా ప్రకటించిన రోజు వాదనకూ బేరానికీ తావుండదు. నిషేధాజ్ఞ, నిర్బంధం, కర్ఫ్యూ, చివరికి కాల్పులు కూడా తప్పనిసరి చర్యలుగా కనబడతాయి. బ్యారీ బుజాన్, ఓలె వేవర్, యాప్ డి విల్డె అనే పండితులు 1998లో వెలువరించిన గ్రంథంలో ఈ మార్పును వివరంగా చర్చించారు. దీన్ని తెలుగులో భద్రతీకరణ అనవచ్చు. అధికారం ఉన్నవారు ఒక సమస్యను ప్రాణాంతకమైన ముప్పుగా చెప్పాలి, వినేవారు ఒప్పుకోవాలి, దాంతో మామూలు నియమాలను పక్కన పెట్టే వీలు చిక్కాలి. ఈ మూడూ కలిసినప్పుడే రాజకీయ సమస్య భద్రతా సమస్య అవుతుందని వారి వాదన.

పాతబస్తీలో ఈ క్రమం రెండు శతాబ్దాలుగా కనిపిస్తుంది. ముప్పు పేరు పాలకులతో పాటు మారుతూ వచ్చింది. ఒకప్పుడు వహాబీ, తరువాత కాంగ్రెస్ వాది, ఆర్యసమాజి, రజాకారు, ముల్కీ విద్యార్థి, ఇటీవలి కాలంలో ఉగ్రవాది. పేర్లు మారినా ఆ ముప్పును అణచడానికి చేసిన చట్టాలూ అలవాట్లూ పోలేదు. ఒక ప్రభుత్వం వదిలివెళ్ళినవాటిని తరువాతి ప్రభుత్వం అందుకుంది.

1591లో చార్మినార్ చుట్టూ పుట్టిన ఊరు మూసీకి దక్షిణాన పెరిగింది. నదికి ఉత్తరాన, ఇప్పటి కోఠీలో, ఈస్టిండియా కంపెనీ రెసిడెన్సీ వెలసింది. 19వ శతాబ్దంలో నిజాం రాజ్యానికి ఏది ప్రమాదమో తేల్చడంలో ఉత్తరపు గట్టు మాటకు బలం ఎక్కువ. 1839లో నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలా మీద వహాబీ కుట్ర ఆరోపణ వచ్చింది. రెసిడెంటు ఫ్రేజర్ పట్టుదల మీద ఆయన్ను గోల్కొండ కోటలో బంధించి, కంపెనీ అధికారులూ నిజాం అధికారులూ కలిసి విచారణ జరిపారు. 1854లో చనిపోయేదాకా ఆయన నిర్బంధంలోనే ఉన్నారు. అదే 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీద కూడా అనుమానం పడింది, కర్నూలు కంపెనీ వశమైంది. సైనిక ఒప్పందాల భారం వల్ల సంస్థానంలో పేరుకున్న అసంతృప్తి మాత్రం ఆ విచారణకు విషయం కాలేదు.

1857 జూలై 17 నాటి సంగతి వేరు. ఔరంగాబాద్ నుంచి వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ రెసిడెన్సీకి అప్పగించాడు. అతన్ని విడిపించాలని తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ వెంట జనం ఆయుధాలతో రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. అది సాయుధ దాడే, దాన్ని రాజ్యం భద్రతా సమస్యగా చూడడంలో వింత లేదు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి శవాన్ని నగరంలో వేలాడదీశారు. అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు. అసలైన దాడికీ నోటిమాటకీ మధ్య ఉండవలసిన గీత ఆ తరువాతి దశాబ్దాల్లో చెరిగిపోతూ వచ్చింది.

ఆ గీత చెరిగిన తొలి స్పష్టమైన ఘట్టం 1883 నాటి చాందా రైల్వే వ్యవహారం. సంస్థానంలో రైలుమార్గం వేసే ఒప్పందం ఖజానాకు నష్టమని నగరంలోని విద్యావంతులు కొందరు అభ్యంతరం చెప్పారు. షరతులేమిటో జనానికి చెప్పాలన్నారు. వారిలో సరోజినీ నాయుడు తండ్రి, హైదరాబాద్‌లో ఆధునిక విద్యకు పునాది వేసిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఒకరు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం మరొకరు. వారు కోరింది లెక్కలు, ప్రభుత్వం ఇచ్చింది బహిష్కరణ. అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి సంస్థానం దాటించారు, కొన్నేళ్ళ తరువాతే తిరిగి రానిచ్చారు. ప్రజాధనం గురించి అడిగిన ప్రశ్నకు శాంతిభద్రతల శాఖ చేత జవాబు చెప్పించడం అప్పటికే పాలనలో ఒక పద్ధతిగా కుదురుకుంటోంది.

ఖిలాఫత్ ఉద్యమం హైదరాబాద్‌ను కూడా కదిలించాక, ముందస్తు అనుమతి లేకుండా రాజకీయ సభలు జరపరాదని 1921లో నిజాం ఫర్మానా వెలువడింది. 1929లో గష్తీ నిషాన్ 53 వచ్చింది. గష్తీ అంటే సర్కారు సర్క్యులర్. ఏ సభ జరపాలన్నా సర్కారు ఇజాజత్ కావాలన్నది దాని సారం. తెలుగువారి చరిత్రలో ఈ కాగితానికి పెద్ద పాత్ర ఉంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ దాని నీడలోనే జరిగింది. అక్కడ చర్చకు వచ్చినవి చదువు, గ్రంథాలయాలు, సంఘసంస్కరణ. రాజకీయాలకు దూరంగా ఉంటామని హామీ ఇస్తేనే తెలుగులో సభ సాధ్యమయ్యేది. గ్రంథాలయం పెట్టడం కూడా అనుమానానికి దారితీసే రోజులవి.

సభలపై నిఘా బాధ్యత నగరంలో కొత్వాలుది, అంటే నగర పోలీసు అధిపతిది. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మరోపక్క రెడ్డి హాస్టల్‌ను నిలబెట్టిన వ్యక్తి. ఆ హాస్టల్ తెలుగు విద్యార్థులకూ రచయితలకూ ఆశ్రయమైంది. ప్రతాపరెడ్డి కూడా దాని నిర్వహణలో పనిచేశారు. ఒకే మనిషి రాజ్యం కోసం సభల మీద కన్నేసి ఉంచుతూ, సభలు నడపగల తరానికి చదువు చెప్పించాడు. పాలనా యంత్రాంగం వెనుక ఉండే మనుషులను ఒకే రంగులో చూడరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

అప్పట్లో నగరంలో ఊపిరి పీల్చుకోవడానికి ఒక చోటుండేది. మూసీకి ఉత్తరాన రెసిడెన్సీ బజార్లు, అంటే సుల్తాన్ బజార్ ప్రాంతం, బ్రిటిష్ అధికారం కింద ఉండేవి. నిజాం పోలీసుల ఆజ్ఞలు అక్కడ చెల్లేవి కావు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో ఆ ప్రాంతంలో పుట్టడానికి ఈ వెసులుబాటు కూడా తోడ్పడింది. 1933లో ఆ బజార్లు నిజాం ఏలుబడిలోకి తిరిగి వచ్చాయి. అయిదేళ్ళలో పరిస్థితి ముదిరింది.

1938 ఈ చరిత్రకు నడిబొడ్డు. ఆ ఏప్రిల్‌లో పాతబస్తీ పక్కన ధూల్‌పేటలో మతఘర్షణలు జరిగాయి. ఆర్యసమాజం ఒకవైపు, మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మరోవైపు బలపడుతున్నాయి. 1927లో సాంస్కృతిక సంస్థగా మొదలైన మజ్లిస్‌కు బహదూర్ యార్ జంగ్ నాయకుడై దాన్ని రాజకీయ శక్తిగా మార్చారు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఏర్పాటుకు ప్రయత్నం జరుగుతోంది. 1937లో నియమించిన అరవముదయ్యంగార్ కమిటీ రాజ్యాంగ సంస్కరణలను పరిశీలిస్తూనే ఉంది. అంటే పాలనలో ప్రజల వాటా ఎంత అన్న ప్రశ్న ప్రభుత్వం దృష్టిలో కూడా రాజకీయ ప్రశ్నే. అయినా సెప్టెంబరులో ప్రజా రక్షణ నిబంధనలను తెచ్చి, స్టేట్ కాంగ్రెస్ ఇంకా లాంఛనంగా మొదలు కాకముందే దాన్ని చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది. అది మతపరమైన సంస్థ అనీ, బయటి శక్తుల అండతో నడుస్తోందనీ కారణం చూపింది.

ఈ కారణంలోని నేర్పు గమనించదగ్గది. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలా వద్దా అన్నదానికి సర్కారు జవాబు చెప్పనక్కరలేకపోయింది. ధూల్‌పేట ఘర్షణల భయం నగరంలో నిజంగానే ఉంది. ఆ నిజమైన భయాన్ని తెచ్చి రాజ్యాంగ కోరికకు అంటగట్టారు. అక్టోబరు 24న స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం ప్రారంభించింది. గోవిందరావు నానల్, రావి నారాయణరెడ్డి వంటివారు జైలుకు వెళ్ళారు. ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడారని వసతిగృహాల నుంచీ కళాశాలల నుంచీ వెళ్ళగొట్టారు. ఆర్యసమాజం వేరుగా సత్యాగ్రహం నడిపింది. రెండు ఉద్యమాలూ ఒక్కటేనన్న ప్రచారానికి అవకాశం ఇవ్వకూడదని గాంధీజీ సలహా ఇవ్వడంతో స్టేట్ కాంగ్రెస్ డిసెంబరులో సత్యాగ్రహం ఆపింది. పేరు మార్చుకుంటామన్నా ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిషేధం 1946 దాకా నిలిచింది.

రాజ్యాంగబద్ధంగా మాట్లాడే సంస్థను ఎనిమిదేళ్ళు మూసి ఉంచితే ఏమవుతుందో సంస్థానం తన అనుభవంతో తెలుసుకుంది. మధ్యేమార్గం కుంచించుకుపోయింది. పల్లెల్లో సాయుధ పోరాటం, పట్నంలో మజ్లిస్ నేత ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్లనే ప్రైవేటు సైన్యం విజృంభణ ఆ ఖాళీని నింపాయి. భారతదేశంతో కలవాలని రాసిన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నగరంలో దారుణంగా చంపారు. తన మతానికే చెందిన యువ సంపాదకుడి కలాన్ని కూడా రజాకార్లు రాజ్యద్రోహంగానే చూశారు. ప్రభుత్వం నేర్పిన భాషను ప్రైవేటు సైన్యం అందిపుచ్చుకున్నప్పుడు జరిగేది ఇదే.

మళ్ళీ 1938కి వస్తే, ఆ అక్టోబరు నుంచి 1939 అక్టోబరు దాకా నడిచింది నిజాం సర్కారు వాడిన ఫస్లీ కాలగణనలో 1348వ సంవత్సరం. హైదరాబాద్ నగర పోలీసు చట్టం పుట్టింది ఆ ఏడాదే. సభలు, ఊరేగింపులు, జనం గుమిగూడడం, ఆయుధాలు పట్టుకు తిరగడం, రెచ్చగొట్టే నినాదాలు వంటివాటిపై ఆంక్షలు పెట్టే అధికారాన్ని అది నగర పోలీసు అధికారికి ఇచ్చింది. నిజాం రాజ్యం 1948లో పోయింది. హైదరాబాద్ రాష్ట్రం 1956లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014లో చరిత్రలో కలిశాయి. ఈ చట్టం మాత్రం నేటికీ అమల్లో ఉంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సభలూ ఊరేగింపులూ జరపరాదని హైదరాబాద్ పోలీసు కమిషనర్లు ఇచ్చే ఉత్తర్వుల్లో 1348 ఫస్లీ అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది. నిజాం కాలపు మరో చట్టం, హిజ్రాల పేర్లను రిజిస్టరులో నమోదు చేసి అనుమానితులుగా చూసే 1329 ఫస్లీ చట్టం, రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. ఆ మేరకు ఒక పాత అనుమానం చట్టపుస్తకం నుంచి తొలగింది.

ప్రపంచంలో మరో చోట కూడా ఇదే పోకడ చూడవచ్చు. ఉత్తర ఐర్లాండ్‌లో 1922లో ఒక్క ఏడాది కోసం తెచ్చిన ప్రత్యేకాధికారాల చట్టాన్ని 1933లో శాశ్వతం చేశారు. అది 1973 దాకా కొనసాగింది. 1968లో ఇళ్ళ కేటాయింపులో, ఓటుహక్కులో న్యాయం కోరి డెర్రీలో జనం వీధికెక్కినప్పుడు వారిని ఎదుర్కోవడానికి ప్రభుత్వానికి ఆ పాత అధికారాలే సిద్ధంగా ఉన్నాయి. అత్యవసరం తీరినా దానికోసం చేసిన చట్టం తనంతట తాను వెళ్ళిపోదు.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం హైదరాబాద్ సంస్థానం మీద జరిపిన చర్యకు పోలీసు చర్య అన్న పేరు స్థిరపడింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరయ్యారు. ఆ తరువాతి వారాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింలపై జరిగిన హింసను పరిశీలించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉండవచ్చని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు, 2013 నాటికి గానీ చదివే వీలు కలగలేదు. గాయాన్ని గురించి తెలుసుకోవడం కూడా దేశభద్రతకు ప్రమాదమన్నట్టు వ్యవహరించడం పెద్ద అన్యాయం. జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలతో పాతబస్తీ నిండింది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, సర్ఫేఖాస్ మీదా, అంటే నిజాం సొంత భూముల మీదా, జాగీర్ల మీదా బతికిన చిన్న ఉద్యోగులు, సిపాయిలు, చేతిపనివారు ఆదాయం కోల్పోయారు. పునరావాసం, ఉపాధి, పరిహారం అప్పుడు తేలవలసిన రాజకీయ ప్రశ్నలు. వాటికి బదులు విధేయత అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. పాతబస్తీ ముస్లిం దేశానికి విధేయుడేనా అన్న అనుమానం పాలనలో పాతుకుపోయింది ఈ కాలంలోనే.

1952లో ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆ ఏడాది వేసవి తరువాత వరంగల్‌లో మొదలైన ముల్కీ, అంటే స్థానికుల, ఆందోళన సెప్టెంబరు నాటికి రాజధానికి చేరింది. స్థానికులకే ఉద్యోగాలన్న నియమం నిజాం 1919లో ఇచ్చిన ఫర్మానాలో ఉంది. పోలీసు చర్య తరువాత బయటి ప్రాంతాల నుంచి వచ్చినవారు తప్పుడు ముల్కీ సర్టిఫికెట్లతో కొలువుల్లో చేరుతున్నారని విద్యార్థుల ఆరోపణ. గైర్ ముల్కీ గో బ్యాక్ అన్నది వారి నినాదం. మూసీ దక్షిణపు గట్టున హైకోర్టు పక్కనే ఉన్న సిటీ కాలేజీ విద్యార్థులు ముందు నిలిచారు. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ, పత్తర్‌గట్టీ, అఫ్జల్‌గంజ్ పరిసరాల్లో పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు, కర్ఫ్యూ విధించారు. కాల్పుల మీద న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డి చేత విచారణ జరిపించారు.

కాల్పులు సబబా కాదా అన్నది విచారణకు విషయమయ్యాక, కొలువుల ప్రశ్న వెనకబడింది. అది చావలేదు. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 పెద్దమనుషుల ఒప్పందంలో రక్షణల రూపంలో తిరిగి వచ్చింది. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంగా నగరమంతా అంటుకుంది. నాయకులను ముందస్తు నిర్బంధ చట్టం కింద రాజమండ్రి జైలుకు పంపారు. 1972లో ముల్కీ నియమాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా, మరుసటి ఏడాది చివర పార్లమెంటు వాటిని రద్దు చేసింది. సిటీ కాలేజీ ముందు తుపాకీ ఎత్తిన నాటి నుంచి లెక్కిస్తే ఆ ప్రశ్నకు రాష్ట్ర విభజన రూపంలో రాజకీయ పరిష్కారం దొరకడానికి 62 ఏళ్ళు పట్టింది.

భద్రతా సమస్యగా ముద్రపడినది మళ్ళీ రాజకీయంలోకి రావడానికి తోవ ఉందని మజ్లిస్ చరిత్ర చూపుతుంది. 1957లో జైలు నుంచి విడుదలైన ఖాసిం రజ్వీ పాకిస్తాన్ వెళ్ళిపోతూ సంస్థను అబ్దుల్ వాహెద్ ఒవైసీకి అప్పగించారు. 1958లో పార్టీని తిరిగి నిలబెట్టిన వెంటనే ఆయన్ను అరెస్టు చేసి నెలల తరబడి జైల్లో ఉంచారు. ఆ పార్టీ ఎన్నికల బాట పట్టింది. 1962లో పత్తర్‌గట్టీ నుంచి ఆయన కొడుకు సలావుద్దీన్ ఒవైసీ అసెంబ్లీకి, 1984లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ పార్టీ ధోరణిని ఇష్టపడనివారు కూడా ఒప్పుకోవలసిన సంగతి ఇది: నల్లా నీళ్ళ గురించి, రేషను కార్డు గురించి పాతబస్తీ మనిషి వెళ్ళి అడగడానికి పోలీసు ఠాణా కాని ఒక చోటు ఏర్పడింది.

1978 నుంచి 1990 దాకా పాతబస్తీని కర్ఫ్యూలు కమ్మాయి. 1978 మార్చిలో నల్లకుంట పోలీసు స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని మండించాయి. నేరం ఆరోపణ పోలీసుల మీద, ఆగ్రహం ప్రజలది. ఆ ఆగ్రహానికి కాల్పులు, కర్ఫ్యూ జవాబయ్యాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, రాయచూరులో జరిగిన విచారణలో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. 1984 ఆగస్టు 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేశాక, అసెంబ్లీలో బలపరీక్ష జరగవలసిన సెప్టెంబరు రోజుల్లోనే పాతబస్తీలో అల్లర్లు చెలరేగాయి. 1990 డిసెంబరులో వందకు పైగా ప్రాణాలు పోయాయి. ముఖ్యమంత్రి చెన్నారెడ్డి గద్దె దిగారు. ముఖ్యమంత్రుల కుర్చీలాటకు పాతబస్తీ గల్లీలు మూల్యం చెల్లించాయన్న నిందను ఆ తరం నాయకులు ఇంతవరకూ తుడిచేసుకోలేకపోయారు.

కర్ఫ్యూ పడితే లాడ్ బజార్ గాజుల కొలుములు ఆరేవి, జర్దోజీ మగ్గాలు ఆగేవి, తోపుడుబండ్లవారు పస్తులుండేవారు. పండితుడు అశుతోష్ వర్ష్నే తన అధ్యయనంలో హైదరాబాద్‌ను లక్నోతో పోల్చాడు. లక్నోలో చికన్ బట్టల వ్యాపారం హిందువులనూ ముస్లింలనూ ఒకరి అవసరం మరొకరికి ఉండేట్టు కలిపి ఉంచిందనీ, హైదరాబాద్‌లో అలాంటి ముడి కొరవడిందనీ ఆయన అభిప్రాయం. ప్రభుత్వానికి ఈ సంగతి తెలియకపోలేదు. పాతబస్తీ బాగు కోసం 1981లో కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. కానీ రోడ్లూ బడుల కంటే పికెట్లూ ఫ్లాగ్ మార్చ్‌లే ఎక్కువ కనిపించాయి. ప్రాంతమంతటికీ సమస్యాత్మకమన్న పేరు పడింది. శిక్ష పడినా పడకపోయినా ఠాణాలో రౌడీషీట్ తెరవడం మామూలైంది. వాటిలో కమ్యూనల్ రౌడీషీట్ అని ఒక వర్గం కూడా ఉండేది. 1990 అల్లర్ల తరువాత పుట్టిన కోవా వంటి స్వచ్ఛంద సంస్థలు మహిళలకు పని, పిల్లలకు చదువు అన్న దారిలో మొహల్లాలను కలపడానికి చేసిన కృషి వల్ల, పోలీసేతర మార్గం కూడా ఉందని కొందరికైనా తెలిసింది.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. బయట నిరసన తెలిపిన గుంపుపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో అయిదుగురు మరణించారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళు 42 మందిని బలిగొన్నాయి. ఇవి నిజమైన ముప్పులు, పౌరుల ప్రాణాలు కాపాడడం రాజ్యం మొదటి విధి. అయితే ఆ విధి నిర్వహణలో పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. నగరం వెలుపలి ఫామ్‌హౌస్‌లలో చిత్రహింసలు పెట్టారని వారు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్ళి వారి గాయాలను చూసి నివేదిక ఇచ్చారు. మసీదులో చనిపోయినవారి ఇరుగుపొరుగే మొదటి అనుమానితులయ్యారు. కోర్టులు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి.

తరువాత సీబీఐ, ఆపై ఎన్ఐఏ దర్యాప్తు మరో దిశలో సాగి, స్వామి అసీమానంద తదితరుల మీద అభియోగాలు మోపింది. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. పదకొండేళ్ళ తరువాత కూడా ఆ శుక్రవారం హంతకులెవరో న్యాయస్థానంలో తేలలేదు. ఈ మధ్యలో, తప్పుగా ఇరుక్కున్నవారికి రాష్ట్ర ప్రభుత్వం 2012 మొదట్లో పరిహారం ఇచ్చింది. 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవయ్యేసి వేల రూపాయలు, వాటితో పాటు సత్ప్రవర్తన పత్రాలు. ఆ పరిహారం ఉత్తర్వు చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. అయినా తాను చేసిన తప్పును రాజ్యం కాగితం మీద ఒప్పుకున్న ఆ ఘట్టం ఈ రెండు శతాబ్దాల చరిత్రలో చాలా అరుదైనది. మెడిసిన్, ఇంజినీరింగ్ చదువులు ఆగిపోయి, పెళ్ళి సంబంధాలు తప్పిపోయిన యువకులకు ఆ కాగితం చాలలేదు.

చట్టం ఈ విషయంలో నోరు మెదపకుండా ఏమీ లేదు. 1965లో రామ్‌మనోహర్ లోహియా కేసులో జస్టిస్ హిదయతుల్లా మూడు వలయాలు గీసి చూపారు. అన్నిటికన్నా పెద్దది శాంతిభద్రతలు, దాని లోపల ప్రజాశాంతి, అన్నిటికన్నా చిన్నది రాజ్యభద్రత. బయటి వలయంలోని గొడవకు లోపలి వలయానికి సరిపడే కఠినమైన మందు వాడకూడదని ఆయన తేల్చారు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో సారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారుల వంటివారి కోసం తెచ్చిన నిర్బంధ చట్టం, జనం నోట పీడీ యాక్టు, ఈ వలయాలను దాటి విస్తరించింది. విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచే అధికారం దానిలో ఉంది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గత అయిదేళ్ళలో ఈ చట్టం కింద ఇచ్చిన అయిదుకు పైగా ఉత్తర్వులను తామూ, గత ఒక్క ఏడాదిలో కనీసం పది ఉత్తర్వులను హైకోర్టూ కొట్టేయవలసి వచ్చిందని గుర్తుచేసింది. 2023 సెప్టెంబరులో హైదరాబాద్ కమిషనర్ ఇచ్చిన మరో ఉత్తర్వును కొట్టేస్తూ ఈ ధోరణిని గట్టిగా మందలించింది.

2022 ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ ప్రవక్త మీద చేసిన వ్యాఖ్యలకు పాతబస్తీ అట్టుడికింది. పోలీసులు ఆయన్ను అరెస్టు చేసినా, ముందుగా నోటీసు ఇవ్వలేదన్న కారణంతో మేజిస్ట్రేటు రిమాండుకు పంపలేదు. రెండు రోజుల్లో పీడీ యాక్టు ప్రయోగించారు. నవంబరు 9న హైకోర్టు ఆ నిర్బంధాన్ని రద్దు చేసింది. ద్వేష ప్రసంగానికి శిక్ష వేసే సెక్షన్లు మామూలు చట్టంలోనే ఉన్నాయి. వాటిని నియమం ప్రకారం నడిపి ఉంటే ఆ ప్రసంగం తప్పొప్పులు బహిరంగ విచారణలో తేలేవి. అసాధారణ చట్టం వాడడం వల్ల నిందితుడు బయటికి వచ్చాడు, గాయపడినవారికి తీర్పు దక్కలేదు.

ఎన్నికల వేదిక మీదికి కూడా భద్రతా భాష చేరింది. 2020 నవంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికల ప్రచారంలో బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్, తాము గెలిస్తే రోహింగ్యాలనూ పాకిస్తానీలనూ తరిమేందుకు పాతబస్తీపై సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. ఒక నెల ముందే వరదల్లో నగరం మునిగింది. నాలాల ఆక్రమణ, వరద సాయం, చెత్త తరలింపు మీద సాగవలసిన ఎన్నిక అది. 150 డివిజన్లలో బీజేపీ 48, మజ్లిస్ 44 గెలిచాయి. సరిహద్దు ఆవల శత్రువు మీద వాడే మాటను మునిసిపల్ వార్డు ఓటరు మీద వాడడం ఈ చరిత్రలో కొత్త మెట్టు.

సాధనాలు కూడా కొత్తవి వచ్చాయి. వందమంది చేరే ప్రతి వాణిజ్య స్థలంలో సీసీ కెమెరాలు తప్పనిసరి చేస్తూ 2013లో చట్టం వచ్చింది. రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న కుర్రవాళ్ళను ఠాణాకు తీసుకుపోయే ఆపరేషన్ చబూత్రా, గల్లీని చుట్టుముట్టి ఇంటింటా కాగితాలు అడిగే కార్డన్ సెర్చ్ పాతబస్తీకి అలవాటయ్యాయి. 2021లో లాక్‌డౌన్ సమయంలో తన మాస్కు తీయించి పోలీసులు ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త, ముఖాలను గుర్తించే సాంకేతికత చట్టబద్ధతను ప్రశ్నిస్తూ హైకోర్టుకు వెళ్ళారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. పాత కొత్వాలుకు వేగులు చెప్పే కబురుకు ఒక పరిమితి ఉండేది, ఇప్పుడు వీధిలో నడిచే ప్రతి ముఖమూ దస్త్రంలోకి వెళ్ళగలదు.

మరోవైపు, పోలీసు ఉత్తర్వు లేకుండానే చిక్కుముడులు విడిపోయిన సందర్భాలున్నాయి. 2023లో గణేశ్ నిమజ్జనమూ మిలాద్ ఉన్ నబీ కూడా సెప్టెంబరు 28నే వచ్చాయి. మిలాద్ జులూస్ నిర్వాహకులు, ఉలేమాలు మాట్లాడుకుని తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో కూడా సెప్టెంబరు 17 నిమజ్జనాన్ని దృష్టిలో పెట్టుకుని 19న జరుపుకున్నారు. ఏళ్ళ తరబడి సాగదీసిన పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా నుంచి షాలిబండా దాకా దారి వెడల్పులో ఇళ్ళూ దుకాణాలూ పోతున్నవారు గజానికి ఎంత ఇస్తారని అడిగారు, మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుడుల సంగతేమిటని నిలదీశారు. గజానికి 81 వేల రూపాయలు ఖరారై 2025 జనవరిలో చెక్కుల పంపిణీ మొదలైంది. అది చాలదన్నవారు కోర్టుకూ కలెక్టరు దగ్గరికీ వెళ్ళారు.